కాన్పు ఎమర్జెన్సీల ట్రైనింగ్ మా లేబర్ రూమ్‌కే తెప్పించుకున్నాం, నాలుగు స్టార్లు

ముందే చెప్పేస్తున్నాను, నాలుగు స్టార్లు. ఐదోది ఎందుకు ఆపానో కింద ఉంది, ఓపిక ఉంటే చదవండి, కొంచెం పెద్దదే రాస్తున్నాను.

శ్రీకాకుళం జిల్లాలో హైవే పక్కన ఒక చిన్న నర్సింగ్ హోమ్, దాంట్లో లేబర్ రూమ్ ఇన్‌చార్జిని నేను. మేడమ్ గారు గైనకాలజిస్టు, సారు పిల్లల డాక్టరు, మత్తు డాక్టరు గారికి ఫోన్ కొడితే వస్తారు, ఇక మిగతాదంతా మేమే, అంటే స్టాఫ్ నర్సులం, చదువైపోయి కొత్తగా చేరిన పిల్లలు, ఆయమ్మలు, ఒక ఓటీ కుర్రాడు, గేటు దగ్గర వాచ్‌మన్ తాత. నరసన్నపేట వెళ్ళండి, టెక్కలి వెళ్ళండి, రాజాం బొబ్బిలి వెళ్ళండి, ఇలాంటి ఆస్పత్రులు వీధికొకటి కనిపిస్తాయి. మీదీ ఇదే సైజు అయితే ఈ రివ్యూ మీకు పనికొస్తుంది, కార్పొరేట్ వాళ్ళకి అక్కర్లేదు, వాళ్ళకి వాళ్ళ లెక్కలుంటాయి.

ట్రైనింగ్ ఇచ్చిన టీమ్ పేరు రాయట్లేదు, అడగొద్దు. తిట్టేవి కూడా ఉన్నాయి కాబట్టి. పైగా ఇలా హాస్పిటల్‌కే వచ్చి నేర్పేవాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు, ఎవర్ని పిలిచినా ఏం చూసుకోవాలో తెలిస్తే చాలు కదా. రెండు రోజులు, ముగ్గురు ట్రైనర్లు, బొమ్మలు వాళ్ళవే, రూమ్ మనది. ఫీజు అంటారా, మా దగ్గర రెండు మూడు సిజేరియన్ల బిల్లంత అయ్యింది, వాళ్ళ ట్రావెలింగు, టిఫిను, భోజనాలు వేరే. సారు మొదట్లో "ఇవన్నీ యూట్యూబ్‌లో ఫ్రీగా ఉన్నాయి కదమ్మా" అన్నారు. మేడమే పట్టుబట్టారు.

ఎందుకు పట్టుబట్టారంటే ఇదివరకు మేం వెళ్ళిన ట్రైనింగులు ఎలా ఉండేవో మీకూ తెలుసు. వైజాగ్‌లో ఏదో హోటల్ హాల్, ఒక ఫోల్డరు, ఒక పెన్ను, ఏసీలో స్లైడ్లు, మధ్యాహ్నం బిర్యానీ, గ్రూపు ఫోటో. హాస్పిటల్ నుంచి ఒక్కరే వెళ్తారు, ఆ ఒక్కరూ వచ్చి మిగతావాళ్ళకి చెప్పాలి, ఎవరు చెప్తారు, ఎవరు వింటారు. ఆ సర్టిఫికెట్ రిసెప్షన్‌లో ఫ్రేము కట్టి పెడతారు, ఆర్నెల్లకి ఆ అమ్మాయి పెళ్ళి చేసుకుని వేరే ఊరు వెళ్ళిపోతుంది, సర్టిఫికెట్ మాత్రం గోడమీదే ఉంటుంది. గవర్నమెంటు వాళ్ళకి కాన్పులు చేయడం నేర్పే ఎస్‌బీఏ ట్రైనింగు ఉంది, 2015లో దక్షత అనే ప్రోగ్రామ్ వచ్చింది, 2017లో లక్ష్య అనేది వచ్చింది, వాళ్ళ లేబర్ రూములకి మార్కులేసి చూసుకుంటారు. ప్రైవేటు వాళ్ళకి గైనకాలజిస్టుల సంఘం ఫాగ్సీ వాళ్ళు ఇచ్చే మాన్యత అనే క్వాలిటీ సర్టిఫికెట్ ఉంది గానీ మనలాంటి చిన్నవాళ్ళలో దాని జోలికి ఎంతమంది వెళ్తారు చెప్పండి.

సరే అసలు విషయానికొస్తాను. వీళ్ళు రాగానే ప్రొజెక్టర్ ఎక్కడ పెట్టుకోవాలి అని అడుగుతారనుకుని నేను హాలు తుడిపించి కుర్చీలు వేయించాను. వాళ్ళు బ్యాగులు కింద పెట్టి "లేబర్ రూమ్ ఎటమ్మా" అన్నారు. టీమ్‌లో పెద్దావిడ గవర్నమెంటు ఆస్పత్రిలో చేసి రిటైరైన సిస్టరు, మాట మా ఊరి మాటే, ఇంకొకరు చిన్న వయసు డాక్టరు, మూడో అమ్మాయి నర్సింగ్ ట్యూటరు. ఆ ట్యూటరమ్మాయి ఒక బొమ్మని నడుముకి బెల్టుతో కట్టుకుని టేబుల్ మీద పడుకుంది, ఆ బొమ్మలో పాప ఉంటుంది, మాయ ఉంటుంది, రక్తం లాంటి ఎర్ర నీళ్ళ సంచి ఉంటుంది, ఆ అమ్మాయి చేత్తో లోపల వాల్వు తిప్పితే రక్తం కారుతుంది, గర్భసంచి లాంటి గట్టి బంతి కూడా ఉంటుంది, దాన్ని గట్టిపరచడం మెత్తబరచడం ఆ అమ్మాయి చేతిలోనే. పడుకుని ఒక్కసారిగా "ఓలమ్మో ఓలమ్మో సచ్చిపోతన్నానే" అని కేకేసింది చూడండి, కారిడార్‌లో తుడుస్తున్న ఆయమ్మ చీపురు పారేసి పరిగెట్టుకొచ్చీసింది. అందరం నవ్వుకున్నాం, కానీ ఆ నవ్వు రెండు నిమిషాలే, ఎందుకంటే పెద్ద సిస్టరు "పాప పుట్టింది, మాయ పడింది, రక్తం ఆగట్లేదు, ఏం చేస్తారో నాకు చెప్పకండి, చేసి చూపించండి" అని వాచీ చూసుకోవడం మొదలెట్టారు.

ఇక్కడే ఈ ట్రైనింగ్ విలువంతా ఉంది. నోటితో అడిగితే మా పిల్లలు గడగడా చెప్తారు, కడుపు మీద మసాజ్, గర్భసంచి గట్టిపడడానికి ఆక్సిటోసిన్, ఐవీ లైన్, బ్లాడర్ ఖాళీ చేయడం, అన్నీ పరీక్షలో రాసినవే. చేయమంటే ఏమైందంటే ముగ్గురూ వెళ్ళి ఒకే చెయ్యి పట్టుకుని లైన్ వెతుకుతున్నారు, పొట్ట దగ్గర ఎవరూ లేరు, ఆక్సిటోసిన్ కావాలని ఒకరు గాల్లోకి అన్నారు, ఎవరికన్నారో తెలీదు, తీరా చూస్తే ఆ ఇంజక్షన్ ఉన్న ఫ్రిజ్ కింద మందుల షాపులో, షాపు తాళం షాపు కుర్రాడి దగ్గర. పగలు కాబట్టి కుర్రాడు ఉన్నాడు, రాత్రి రెండింటికైతే ఏటి సంగతి అని పెద్ద సిస్టరు అడిగితే ఎవరి దగ్గరా సమాధానం లేదు. వైజాగ్ హోటల్లో ఇది బయటపడేదా? పడదు, ఎందుకంటే ఆ హోటల్లో మన ఫ్రిజ్ లేదు. ఆక్సిటోసిన్ 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి, పాప పుట్టిన నిమిషంలోపు 10 యూనిట్లు కండరానికి వెళ్ళాలి, ఈ రెండూ ప్రతి పుస్తకంలో ఉన్నాయి, తాళం ఎవరి దగ్గరుందో మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండదు.

నాకు బాగా నచ్చింది రక్తం అంచనా ఆట. ముందురోజే మా దగ్గర పాత కాటన్ చీర ఒకటి, బెడ్‌షీటు, ప్యాడ్లు, గాజ్ గుడ్డ ముక్కలు, కిడ్నీ ట్రే, బకెట్టు అడిగి పెట్టుకున్నారు. తలుపేసుకుని కొలత జాడీతో ఎర్రరంగు నీళ్ళు కొలిచి కొలిచి ఒక్కోదాని మీద పోసి, తర్వాత మమ్మల్ని లోపలికి పిలిచి ఒక్కోటి ఎంత ఉంటుందో చీటీ మీద రాయమన్నారు. మేడమ్ గారికి కూడా చీటీ ఇచ్చారు, వదల్లేదు. బకెట్లో ఉన్నది అందరూ ఎక్కువ రాసాం, కంటికి బాగా కనిపిస్తుంది కదా, చీర మీద పోసింది మాత్రం అందరూ సగానికి సగం తక్కువ రాసారు. కాటన్ చీర ఎంత తాగేస్తుందో, దాని మడతల్లో ఎంత దాక్కుంటుందో ఆ రోజు చూసాను. పెద్ద సిస్టరు ఆ చీరని బకెట్ మీద పిండి చూపించారు, పిండుతుంటే వస్తూనే ఉంది, కొత్త పిల్లలు నోళ్ళు తెరిచి చూస్తున్నారు.

తర్వాత డాక్టరమ్మాయి ఒక ప్లాస్టిక్ షీటు తీసింది, బాలింత నడుము కింద పరిస్తే చివర గరాటు సంచిలా వేలాడుతుంది, దాని మీద గీతలుంటాయి, 300 అని, 500 అని, రక్తం దాంట్లోకి దిగుతుంది, గీత చూసి చెప్పేయొచ్చు. ఇలాంటి షీటు ఒకటి మన పక్క రాష్ట్రంలోనే, బెళగావిలో మెడికల్ కాలేజీ వాళ్ళు తమ రీసెర్చికి తయారు చేసుకున్నారట, అక్కడే పోల్చి చూస్తే కంటి అంచనా షీటు లెక్క కంటే మూడోవంతు తక్కువ వచ్చిందట. తర్వాత నేను వెతికి చదివాను, నిజమే, 2006లో వచ్చింది ఆ పేపరు. ఇంకా పెద్ద సంగతి 2023లో వచ్చిన ఈ-మోటివ్ స్టడీ, కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆస్పత్రులు, 2 లక్షల మందికి పైగా తల్లులు. కొత్త మందేమీ లేదండీ అందులో, గీతల షీటు వేసి రక్తం కొలవడం, తేడా రాగానే మసాజ్, ఆక్సిటోసిన్, రక్తస్రావం తగ్గించే ట్రానెక్సమిక్ యాసిడ్, సెలైన్, లోపల ఎక్కడైనా చిరిగిందేమో చూడడం, ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి చేసి ఆగిందా లేదా అని కూర్చోకుండా ఒకేసారి చేసీడం, అంతే. దాంతో లీటరు దాటి రక్తం పోవడం, దానికోసం పొట్ట కోయాల్సి రావడం, ప్రాణం పోవడం, ఈ మూడూ కలిపి చూస్తే 60 శాతం తగ్గాయి. గీతల షీటు లేని ఆస్పత్రుల్లో ఎక్కువ రక్తస్రావం అయిన కేసుల్లో సగమే టైముకి పట్టుకోగలిగారు, షీటు ఉన్నచోట 93 శాతం. ఇది విన్నాక సారు యూట్యూబ్ మాట మళ్ళీ ఎత్తలేదు.

500 దాటేదాకా ఆగడం కూడా లేదు, 300 దగ్గరే పల్సో బీపీయో తేడాగా ఉంటే మొదలెట్టేయమన్నారు. మన దగ్గర ఇది ఇంకా అవసరం అని నా అభిప్రాయం, మన వైపు ఎంతమంది తల్లులు ఎనిమిది తొమ్మిది గ్రాముల హిమోగ్లోబిన్‌తో పురిటికొస్తున్నారో రిజిస్టర్లు తిప్పితే తెలుస్తుంది, వాళ్ళకి అరలీటరు పోవడం అంటే మామూలు మనిషికి అరలీటరు పోవడం కాదు.

రెండో డ్రిల్లు బీపీ పెరిగి గర్భిణికి వచ్చే ఫిట్స్ ది. ఊళ్ళల్లో గుర్రపువాతం అంటారే, అది. ఇక్కడ నేను నేర్చుకున్న కొత్త విషయం మందు గురించి కాదు, ఆ మందు పగలగొట్టడం గురించి. మెగ్నీషియం సల్ఫేట్ మన దగ్గర దొరికే 50 శాతం ఆంపూల్ 2 ఎంఎల్, అంటే ఒక్కోదాంట్లో ఒక్క గ్రాము. చెరో పిరుదుకి 5 గ్రాములంటే 10 ఆంపూళ్ళు, ముందు నరంలోకి 4 గ్రాములు ఇస్తే ఇంకో నాలుగు, మొత్తం 14. ఆంపూల్ తియ్యి, మెడ విరువు, లాగు, ఖాళీది పడెయ్యి, మళ్ళీ తియ్యి, పక్కన మనిషి కొట్టుకుంటోంది, ఒకరు తల పక్కకి తిప్పి పట్టుకోవాలి, ఆక్సిజన్ పెట్టాలి, అత్తగారు తలుపు బాదుతోంది. మొదటిసారి ఒక్కతే చేసిన పిల్లకి వేలు తెగింది, మందు సగం నేలపాలు. పెద్ద సిస్టరు చెప్పిన పద్ధతేంటంటే ఒకరు విరుస్తూ అందిస్తూ ఉండాలి, ఒకరు లాగుతూ ఉండాలి, మూడోవాళ్ళు పైకి లెక్కపెట్టాలి, "నాలుగు అయ్యింది, అయిదు అయ్యింది" అని. రెండోసారి చేస్తే టైము సగానికి పడిపోయింది. ఇప్పుడు ఆ 14 ఆంపూళ్ళు, సిరంజిలు, 20 ఎంఎల్‌కి కలిపే నీళ్ళు, నొప్పి తగ్గడానికి కలిపే లిగ్నోకెయిను, విరుగుడుకి కాల్షియం గ్లూకోనేట్, మోకాలి మీద కొట్టే సుత్తి అన్నీ ఒకే డబ్బాలో పెట్టి మూత మీద పెద్దక్షరాల్తో రాసి పెట్టాం. మోకాలు ఎగురుతోందా, ఊపిరి నిమిషానికి 16కి తగ్గలేదు కదా, యూరిన్ గంటకి 30 ఎంఎల్ వస్తోందా, ఈ మూడూ చూడకుండా తర్వాతి డోసు ఇవ్వకూడదని మూత లోపలివైపు అంటించాం.

అందరికీ పనికొచ్చేది ఇంకోటి, పిలవడం. "ఎవరైనా బీపీ చూడండి" అనకూడదు, పేరు పెట్టి అనాలి, ఆ పేరుగలవాళ్ళు విన్నట్టు మళ్ళీ అదే మాట అనాలి, చేసాక "అయ్యింది, బీపీ ఇంత" అని పైకి చెప్పాలి. వినడానికి స్కూలు డ్రామాలా ఉంటుంది, మొదట్లో సిగ్గుపడ్డారు, మేడమ్ గారిని పట్టుకుని గట్టిగా అరవడానికి ఎవరికి ధైర్యం ఉంటుంది మన దగ్గర? డాక్టరు గారు ఉన్నప్పుడు నర్సు నోరెత్తకూడదు, నర్సు ఉన్నప్పుడు ఆయమ్మ నోరెత్తకూడదు, ఇదే కదా మన అలవాటు. ఒక డ్రిల్లులో పెద్ద సిస్టరు కావాలనే ఆయమ్మకి టైము రాసే పని ఇచ్చారు. ఆయమ్మకి అంకెలు వచ్చు, అక్షరాలు అంత రావు. గోడ గడియారం చూస్తూ బోర్డు మీద అంకె వేసి, పక్కన సూది బొమ్మ వేసింది ఇంజక్షన్‌కి, సీసా బొమ్మ వేసింది సెలైన్‌కి. డాక్టరమ్మాయి ఆ బోర్డు ఫోటో తీసుకుంది. మధ్యలో ఆయమ్మ "మేడమ్ గారూ, మీరు కట్టమన్న రెండో సీసా ఇంకా ఎవురూ కట్లేదండి" అని అరిస్తే రూమంతా ఒక్క క్షణం ఆగి, మేడమే చప్పట్లు కొట్టారు. ఆయమ్మలని కూర్చోబెట్టని ట్రైనింగ్‌కి ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను, రాత్రిపూట మన పక్కన ఉండే రెండో జత చేతులు వాళ్ళవే.

భుజం ఇరుక్కోవడం, పాపకి ఊపిరి పోయడం, బొడ్డుతాడు జారడం ఇవి త్వరగా చెప్తాను. తల వచ్చి భుజం ఆగిపోతే మోకాళ్ళు పొట్టకేసి బాగా మడవడం, పొత్తికడుపు కింద, ఎముక పైన మాత్రమే నొక్కడం. పైనుంచి కడుపు మీద నొక్కారా, పెద్ద సిస్టరు చెయ్యి మీద ఒక్కటి ఇచ్చారు, నిజంగానే ఇచ్చారు. మన ఊళ్ళల్లో పైనుంచి నొక్కడం ఎంత మామూలో మీకు చెప్పక్కర్లేదు, సగం ఆస్పత్రుల్లో ఆ పనికనే ఒకరు ఉంటారు, గర్భసంచి చిరగొచ్చు, భుజం ఇంకా ఇరుక్కుంటుంది, దయచేసి మానండి. ఇంగ్లాండులో బ్రిస్టల్ ఆస్పత్రిలో 2000 సంవత్సరం నుంచి డాక్టర్లు, మిడ్‌వైఫ్‌లు అందరినీ కలిపి వాళ్ళ సొంత వార్డులోనే ఇలా ప్రాక్టీసు చేయిస్తున్నారట, ప్రాంప్ట్ అని పేరు, అక్కడ భుజం ఇరుక్కున్న కేసుల్లో పాపలకి దెబ్బలు తగలడం 9.3 శాతం నుంచి 2.3కి దిగిందని 2008లో రాసుకున్నారు. మా ట్రైనర్లు పెట్టింది కూడా ఆ పద్ధతే.

పాప ఏడవకపోతే మొదటి నిమిషంలో బ్యాగ్ మాస్క్‌తో గాలి ఇవ్వడం మొదలవ్వాలి, ఇది సారు బాగా చెప్పారు, ట్రైనర్ల కంటే సారే బాగా చెప్పారనాలి, "నొక్కు, రెండు, మూడు" అని లెక్కపెట్టుకుంటూ నిమిషానికి 40 సార్లు, ఛాతీ లేస్తోందా లేదా చూస్తూ. మాస్కు సైజులు రెండు ఉండాలని, ప్రతి డ్యూటీ మారినప్పుడు బ్యాగ్‌ని అరచేతికి ఆనించి నొక్కి చూడాలని చెప్పారు. తాడు జారితే బ్లాడర్‌లోకి సెలైన్ ఎక్కించి, తల్లిని మోకాళ్ళ మీద వంచి పంపడం చూపించారు, కదులుతున్న అంబులెన్సులో అది ఎంతసేపు నిలుస్తుందో నాకైతే నమ్మకం కుదర్లేదు, అడిగాను, పక్కకి పడుకోబెట్టి నడుము కింద ఎత్తు పెట్టమన్నారు, అది కాస్త బుద్ధికి ఎక్కింది.

గర్భసంచిలో పెట్టి రక్తం ఆపే కండోమ్ బెలూన్ చూపించినప్పుడు మా కొత్త పిల్లలు ముసిముసి నవ్వులు. పెద్ద సిస్టరు నవ్వనిచ్చి, అయ్యాక "ఇది ఢాకాలో కనిపెట్టారమ్మా, 2003లో రాసారు, ఖరీదైన బెలూన్ కొనలేని చోట దీంతోనే ప్రాణాలు నిలిపారు" అని చెప్పి, క్యాథెటర్‌కి కండోమ్ దారంతో కట్టి, సెలైన్ ఎక్కించి అది గాల్లో ఉబ్బడం చూపించారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు, ఎవరికి వాళ్ళు ముడి గట్టిగా వేయడం ప్రాక్టీసు చేసుకున్నారు, ముడి వదులైతే కారిపోతుంది, అందులో ఉన్న కష్టమంతా ఆ ముడే.

అత్తగారి డ్రిల్లు గురించి రాయకపోతే అన్యాయం. ట్యూటరమ్మాయి చీర కొంగు బిగించి అత్తగారు అయిపోయింది, "ఏటైపోనాది నా కోడలికి, పొద్దున్న నడుసుకుంటూ వచ్చింది కదేటి, మీరేటి చేసీసారు, ఒరే సిన్నోడా ఇలా రారా" అని. మా వాళ్ళు అందరూ తలలు దించుకుని మౌనం. అదే తప్పన్నారు, తలుపేసుకుని లోపల పరిగెడుతుంటే బయట వాళ్ళకి అనుమానం రాకేం చేస్తుంది. ఒకరిని దానికే పెట్టండి, ప్రతి కాసేపటికి బయటకొచ్చి కళ్ళల్లోకి చూసి చెప్పండి, రక్తం ఎక్కువ పోతోంది, ఆపడానికి మందులిస్తున్నాం, మేడమ్ లోపలే ఉన్నారు, శ్రీకాకుళం పంపాల్సి రావచ్చు, ఇద్దరు రక్తం ఇచ్చేవాళ్ళని రెడీగా ఉంచుకోండి, అంతే, పెద్ద పెద్ద ఇంగ్లీషు పేర్లు వద్దు. ఒడిశా బోర్డర్ వైపు నుంచి వచ్చేవాళ్ళకి ఒడియాలో చెప్పగలిగే మనిషి ఎవరున్నారని అడిగితే మా ఓటీ కుర్రాడు చెయ్యెత్తాడు, వాడికి ఒడియా వచ్చని మాకే తెలీదు.

పంపడం ఎలాగో కూడా ఒక డ్రిల్లే. 108కి ఫోన్ చేసి ఏం చెప్పాలి, శ్రీకాకుళం గవర్నమెంటు పెద్దాస్పత్రి జీజీహెచ్‌కి ముందే ఫోన్ చేసి ఎన్నో కాన్పు, ఎన్ని గంటలకి పుట్టింది, ఎంత రక్తం పోయింది, ఏ మందు ఎన్నింటికి ఇచ్చాం, ఇప్పుడు బీపీ ఎంత, ఇవి అరనిమిషంలో చెప్పేలా కాగితం చూడకుండా చెప్పించారు. ట్రానెక్సమిక్ యాసిడ్ ఒక గ్రాము పది నిమిషాల్లో ఎక్కించి పంపమన్నారు, మూడు గంటలు దాటితే దాని ఉపయోగం పోతుంది, 2017లో 20 వేల మంది తల్లుల మీద చేసిన ఉమన్ ట్రయల్‌లో తేలింది అది, మనం ఇక్కణ్ణుంచి వైజాగ్ కేజీహెచ్ దాకా పంపే సందర్భాలుంటాయి కాబట్టి దారిలో ఇద్దాంలే అనుకోవడానికి లేదు.

ట్రైనింగ్ అయిన కొన్ని వారాలకి ఒక రాత్రి నిజంగానే రక్తస్రావం కేసు వచ్చింది. వివరాలు రాయను, ఆ తల్లి బాగుంది, అంతవరకే. మందు చేతికి అందింది, ఎవరి పని వాళ్ళు పైకి చెప్పుకుంటూ చేసారు, మేడమ్ వచ్చేసరికి రెండు లైన్లు ఎక్కి ఉన్నాయి, బోర్డు మీద టైములున్నాయి. బ్లాడర్ ఖాళీ చేయడం మాత్రం ఆలస్యమైంది, డ్రిల్లులో బొమ్మకి బ్లాడర్ లేదు మరి, ఊరికే నోటితో "క్యాథెటర్ వేసాను" అని దాటేసేవాళ్ళం. నోటితో దాటేసినవి చేతికి రావు, ఈ మాట టీమ్ వాళ్ళకి ఫీడ్‌బ్యాక్‌లో కూడా రాసాను.

ఇక తిట్లు. స్లైడ్లు తక్కువే అయినా ఉన్నవన్నీ ఇంగ్లీషు, ఇచ్చిన పుస్తకం కూడా ఇంగ్లీషు, మాటలు తెలుగులో బాగా చెప్పి చేతిలో పెట్టే కాగితం మాత్రం ఆయమ్మకి అర్థం కానిది పెడితే ఏం లాభం, చివరికి మా పిల్లలే కూర్చుని తెలుగులో చార్టు రాసుకున్నారు. రెండో రోజు మధ్యాహ్నం భోజనాల తర్వాత గబగబా లాగించేసారు, వెనక్కి రైలుకి టైమైపోతోందట, గర్భసంచి తిరగబడడం అనే టాపిక్ పావుగంటలో అయిపోయింది. బొమ్మ రక్తం సంచి వాల్వు మొదటి రోజే లీకై టేబుల్ కింద మడుగు, దానికి స్పేరు తెచ్చుకోలేదు, ప్లాస్టర్ అంటించి నడిపారు. రక్తం ఆపడానికి కాళ్ళకీ పొట్టకీ చుట్టే నియోప్రిన్ సూటు ఒకటే తెచ్చారు, అందరం ఒకసారి చుట్టి చూసే టైము ఇవ్వలేదు. సర్టిఫికెట్లలో సగం పేర్లు తప్పు, ఇంటిపేరు ముందుకీ వెనక్కీ అయిపోయి ఒకావిడ పేరు ఆవిడే గుర్తుపట్టలేదు.

అసలు పెద్ద కంప్లయింటు నైట్ డ్యూటీ వాళ్ళ గురించి. ట్రైనింగ్ పగలు, ఎమర్జెన్సీలు మనల్ని అడిగి రావు. రాత్రంతా చేసి వచ్చిన ఇద్దరు పిల్లలు కూర్చునే నిద్రపోయారు, వాళ్ళని తప్పు పట్టలేం. వాళ్ళకోసం ఒక సాయంత్రం బ్యాచ్ పెట్టండి అని ముందే అడిగితే చూద్దామన్నారు, చూడలేదు. మూడు నెలలకి మళ్ళీ వచ్చి డ్రిల్లు చేయిస్తాం అని ఒప్పందంలో రాసారు, ఫోన్ చేస్తే "ఈ నెల బిజీ మేడమ్" అంటున్నారు. ఇది ఆషామాషీ సంగతి కాదు, ఎందుకంటే చేతి అలవాటు కొన్ని నెలలకి జారిపోతుంది, అది వాళ్ళే మొదటి రోజు చెప్పారు మాకు! ఐదో స్టారు అక్కడ ఆగింది. ఈలోగా మేమే డ్యూటీ మారే టైములో పాత దిండుకి చీర చుట్టి చిన్న డ్రిల్లు చేసుకుంటున్నాం, బాగానే నడుస్తోంది, కాకపోతే బయటి మనిషి వాచీ పట్టుకుని నిలబడితే వచ్చే భయం మనలో మనకి రాదు.

మా డాక్టర్ల గురించి కూడా ఒక ముక్క, మేడమ్ చదివినా ఏమీ అనుకోరు. మొదటి రోజు మధ్యలో ఓపీ ఉందని మేడమ్ కిందకి వెళ్ళిపోతే డ్రిల్లు చప్పబడిపోయింది, డాక్టరు లేకుండా నర్సులు డాక్టరుని పిలవడం ఎలా ప్రాక్టీసు చేస్తారు? రెండో రోజు ఓపీ బంద్ పెట్టి కూర్చున్నారు, తేడా అక్కడే కనిపించింది. కాబట్టి మీరు పిలిచేటట్టైతే ఆ రెండు రోజులు ఓపీ మూసేయండి, కనీసం తగ్గించుకోండి, లేదంటే డబ్బులు దండగ.

డబ్బులు ఇచ్చేముందు ఇవి అడగండి: మా లేబర్ రూమ్‌లోనే చేస్తారా హాల్లోనా, ఆయమ్మలకి వాచ్‌మన్‌కి చోటుందా, బొమ్మకి క్యాథెటర్ వేయడానికి వీలుందా, తెలుగు కాగితాలున్నాయా, రాత్రి బ్యాచ్ ఉందా, మళ్ళీ ఎప్పుడొస్తారో తేదీ వేసి రాసిస్తారా. వాచ్‌మన్ ఎందుకు అంటారేమో, మా గేటు రాత్రి తాళం వేసుంటుంది, అంబులెన్సు వచ్చి హారన్ కొట్టేదాకా తాతకి తెలీదు, డ్రిల్లులో బయటపడిన ఇంకో తాళం అది. ఇప్పుడు లేబర్ రూమ్ నుంచి గేటు దాకా ఒక కాలింగ్ బెల్ పెట్టించాం, బజారులో దొరికే మామూలు బెల్లే.

మొత్తానికి తీసుకోవచ్చా అంటే తీసుకోండి, హోటల్ హాల్ ట్రైనింగులు నాలుగు తీసుకునే బదులు ఇది ఒకటి తీసుకోండి. మేం రెండో విడతకి వాళ్ళకే ఫోన్ చేస్తున్నాం, ఈసారి నైట్ బ్యాచ్ కూడా కావాలని అడిగాం, సారు మాత్రం సగం ఫీజు ముందు, మిగతా సగం మూడు నెలల తర్వాత మళ్ళీ వచ్చి డ్రిల్లు చేయించిన రోజే అన్నారు, వాళ్ళు ఇంకా జవాబివ్వలేదు, ఇస్తే కింద రాస్తాను.